మున్సిపల్ స్టాండింగ్ కౌన్సిల్‌గా ఏళ్ల తరబడి నిలబడాలంటే

మీరు అడిగినవి రెండు: కార్పొరేషన్ స్టాండింగ్ కౌన్సిల్ (కోర్టుల్లో కార్పొరేషన్ తరఫున వాదించే లాయరు) అంటే ప్రభుత్వోద్యోగమా? ప్రభుత్వాలు మారినా కొందరు అందులో ఎలా కొనసాగుతారు?

మొదటిదానికి జవాబు చిన్నదే. ఉద్యోగం కాదు. పెన్షన్ ఉండదు, కేసుకింత అని ఫీజు వస్తుంది. సొంత ప్రాక్టీసు వదులుకుని దీని మీదే ఆధారపడొద్దు.

ఇక రెండోది. కోర్టులో గొంతు కంటే ఫైలు మీద పట్టే మిమ్మల్ని నిలబెడుతుంది. హైదరాబాద్ సంగతే చూడండి. అనుమతి లేని కట్టడం మీద 1955 నాటి కార్పొరేషన్ చట్టం 452 సెక్షన్ కింద షోకాజ్ (ఎందుకు కూల్చకూడదో చెప్పమనే నోటీసు), వివరణ చూశాక ఉత్తర్వు, ఆ పైన 636 సెక్షన్ కింద కూల్చివేత నోటీసు. కార్పొరేషన్ చాలాసార్లు ఓడేది కట్టడం సక్రమమని కాదు, వీటిలో ఒక మెట్టు దాటేసినందుకు. యజమాని నాలుగు పేజీల వివరణ ఇస్తే ఉత్తర్వులో 'సంతృప్తికరంగా లేదు' అని ఒక్క ముక్క రాస్తారు. అది హైకోర్టులో నిలవదు. ప్రతి అంశానికీ కారణంతో జవాబు ఉండాలి.

కౌంటర్ (అవతలివాళ్ల పిటిషన్‌కు కోర్టులో వేసే జవాబు) రాసే ముందు ఒరిజినల్ ఫైలు తెప్పించుకోండి. నోటీసు మీద ఉన్న తేదీ కాదు, అది అందిన తేదీ చూడండి. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద సంతకం ఎవరిది? గోడకు అంటించామంటే ఇంటి నంబరు కనబడే ఫొటో, సాక్షుల సంతకాలతో పంచనామా ఉన్నాయా? 2024 నవంబర్ 13న కూల్చివేతలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం నోటీసు అందాక 15 రోజులు (స్థానిక చట్టం గడువు ఇంకా ఎక్కువైతే అదే), తుది ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు ఆగాల్సిందే. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి చోట్ల ఆక్రమణలకు మినహాయింపు ఉంది. కానీ ఆ స్థలం నిజంగా రోడ్డేనని చూపే సర్వే స్కెచ్ చేతిలో లేకుండా ఆ మినహాయింపు వాడితే మునిగిపోతారు.

ఉత్తర్వు ఇచ్చిన రోజే సివిల్ కోర్టులో కేవియట్ (మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేయించండి. అది 90 రోజులే పనిచేస్తుంది, ఆ గడువు డైరీలో రాసుకోండి. అవతలివాళ్లు ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ (మన వాదన వినకుండానే ఇచ్చే నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంటే 30 రోజుల్లో తేల్చాలని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) చెబుతుంది. అయితే మన కౌంటరే పడకపోతే ఆ ఉత్తర్వు ఏళ్లు నడుస్తుంది. పేరావైజ్ రిమార్క్స్ (పిటిషన్‌లోని ఒక్కో పేరాకు అధికారి ఇచ్చే వివరణ) కోసం లేఖ రాసి ఊరుకుంటే రావు. టౌన్ ప్లానింగ్ అధికారిని ఫైలుతో సహా పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయించండి, ఆయన బదిలీ కాకముందే.

పస లేని కేసులో అప్పీలు వద్దని రాతపూర్వకంగా చెప్పండి, కమిషనర్‌కు నచ్చకపోయినా సరే. వ్యతిరేక తీర్పు వస్తే ఏం చేయాలో, ఏ తేదీలోగా చేయాలో అదే రోజు రాసి పంపండి. లేదంటే కోర్టుధిక్కారం కేసులో కమిషనరే స్వయంగా హాజరు కావాల్సి వస్తుంది. అధికారులు మారినా మీ ఒపీనియన్లు ఫైల్లోనే ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్లు మొదట చదివేది అవే. మరొకటి: కార్పొరేషన్‌కు వ్యతిరేకంగా ఏ కేసూ పట్టొద్దు, మీ జూనియర్ పేరు మీద కూడా.