జనరేటర్ కొనేముందు ఫ్రిజ్ స్టార్టింగ్ లెక్క చూసుకోండి

హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చిన మన సోంపేట, కవిటి, టెక్కలి వైపు పిల్లలు జూన్‌లో తుఫాన్ల సీజన్ మొదలయ్యేసరికి అడిగే మాట ఒకటే, అన్నా, ఎన్ని వాట్ల జనరేటర్ కొనాలి అని. తిత్లీ తుఫాను చూసినవాళ్లకి కరెంటు పోతుందన్న ఆ భయం గురించి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, మా అమ్మ ఫోన్ రోజుల తరబడి కలవలేదు, ఇక్కడ కూర్చుని నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇక్కడైనా అంతే. 2024 జూలై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు.

తమ్ముడూ, నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. ఇంట్లో సామాన్ల వాట్లు కూడితే 1450 వచ్చింది, 2000 వాట్ల చిన్నది చాలనుకుని కొన్నాను. లైట్లు వెలిగాయి, వైఫై వచ్చింది, ఏసీ తిరిగింది. ఫ్రిజ్ కంప్రెసర్ అందుకోబోయేసరికి మొత్తం ఆగిపోయింది. మోటారు ఉన్న ఏ వస్తువైనా కదిలే ఆ ఒకటి రెండు సెకన్లు మామూలుగా తీసుకునే కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. ఊళ్లో బోరు మోటారు వేయగానే బల్బు ఒక్కసారి మసకబారేది గుర్తుందా, అదే ఇది.

వస్తువు వెనక లేబుల్ మీద వాట్లు ఉంటే సరే, ఆంప్స్ మాత్రమే ఉంటే 120తో గుణించు, ఇక్కడ మామూలు ప్లగ్గు 120 వోల్టులే, మన దగ్గరలా 230 కాదు. మా ఇంట్లో ఫ్రిజ్ 200, ఆరు ఎల్ఈడీ బల్బులు 60, రౌటర్ 20, రెండు లాప్‌టాప్‌లు 130, ఫోన్లు 40, చిన్న కిటికీ ఏసీ 500, రైస్ కుక్కర్ 500. దీనికి ఫ్రిజ్ స్టార్టింగ్‌లో అదనంగా లాగే 1000 కలిపితే 2450. ఏసీ కూడా అదే క్షణంలో అందుకుంటే ఇంకో 1000, అంటే 3450. అందుకే తర్వాత రన్నింగ్ (ఆగకుండా ఇచ్చేది) 3500, స్టార్టింగ్ (ఆ ఒకటి రెండు సెకన్లు మాత్రమే ఇచ్చేది) 4500 ఉన్నది తీసుకున్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేది చాలాసార్లు స్టార్టింగ్ వాట్లే, నువ్వు రన్నింగ్ అంకె వెతికి చూడు.

సెంట్రల్ ఏసీ, బట్టలారబెట్టే డ్రైయర్, ఎలక్ట్రిక్ పొయ్యి మీద ఆశ వదులుకో, అవి 240 వోల్టులవి. మైక్రోవేవ్ మీద 1000 అని ఉన్నా ప్లగ్గు నుంచి 1500 దాకా లాగుతుంది, కుక్కర్ తీసేశాకే పెట్టు.

ఇక జనరేటర్‌ని గ్యారేజీలో పెట్టకు, తలుపు తెరిచి ఉంచినా సరే పెట్టకు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీల వైపు కాకుండా పెట్టి, ఇంట్లో ఆ గ్యాస్‌ని పసిగట్టే, బ్యాటరీతో పనిచేసే అలారం ఉంచుకో. రెండు వైపులా ప్లగ్గున్న వైరుతో గోడ సాకెట్‌కి కలపడం అసలే వద్దు, ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది. తిత్లీ తర్వాత రాత్రింబవళ్లు స్తంభాలెక్కిన లైన్‌మన్‌లను మనం చూశాం కదా, ఇక్కడ ఆ తీగ పట్టుకునేదీ అలాంటివాడే. ఇల్లంతా కలపాలంటే ట్రాన్స్‌ఫర్ స్విచ్, అంటే బయటి లైను నుంచి ఇంటిని విడదీసి జనరేటర్‌కి కలిపేది, కావాలి, దానికి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని మే నెలలోనే పిలుచుకో, తుఫాను పేరు టీవీలో వచ్చాక ఎవరూ దొరకరు.