అతిశీతల హీట్ పైపులు: చల్లబడేలోపే అసలు చిక్కు

ప్రశ్న: 80 కెల్విన్ దగ్గర పనిచేసే డిటెక్టర్ నుంచి 30 సెం.మీ. దూరంలోని క్రయోకూలర్‌కు (అతిశీతలానికి చల్లార్చే యంత్రానికి) 5 వాట్ల వేడి చేరవేయాలి. రాగి కడ్డీ చాలదా?

జవాబు: లెక్క వేసి చూడండి. ఆ చలిలో మామూలు రాగి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 500 వాట్లు. 10 మి.మీ. వ్యాసం కడ్డీ అయితే రెండు కొసల మధ్య దాదాపు 38 డిగ్రీల తేడా పడుతుంది. అంటే కూలర్ 42 కెల్విన్‌కు దిగాలి. కడ్డీని లావు చేస్తే బరువూ, చల్లబడే సమయమూ పెరుగుతాయి. నైట్రోజన్ హీట్ పైప్, అంటే లోపల వత్తి అమర్చి నైట్రోజన్ నింపి మూసేసిన గొట్టం, ఆ పనిని కొద్ది డిగ్రీల తేడాతో చేస్తుంది: వేడి కొసన ద్రవం ఆవిరవుతుంది, చల్లని కొసన మళ్లీ ద్రవమై వత్తి గుండా వెనక్కి వస్తుంది.

కాకపోతే నీటి హీట్ పైపులతో చేయి తిరిగినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. గ్రాము నీరు ఆవిరి కావడానికి 2257 జౌళ్లు తీసుకుంటే నైట్రోజన్ 199 మాత్రమే తీసుకుంటుంది. దాని తలతన్యత నీటిలో ఎనిమిదో వంతు. 0.05 మి.మీ. వ్యాసార్ధం రంధ్రాలున్న జాలి వత్తి నీటిని 30 సెం.మీ. ఎత్తుకు లాగుతుంది, ద్రవ నైట్రోజన్‌నైతే నాలుగున్నర సెం.మీ.కే. అదీ ప్రవాహం లేనప్పుడు. కాబట్టి వీలుంటే కూలర్‌ను డిటెక్టర్ కన్నా పైన అమర్చండి. వత్తి తడబడినా గురుత్వం ఆదుకుంటుంది.

ప్రశ్న: నైట్రోజన్ ఎంత నింపాలి?

జవాబు: వత్తి పూర్తిగా తడిసేంత, ఆపైన కాస్త. లోపలి ఘనపరిమాణం 10 సి.సి., వత్తికి పట్టే ద్రవం 1.5 సి.సి. అనుకుందాం. 77 కెల్విన్ దగ్గర ద్రవం 1.2 గ్రాములు, మిగతా ఖాళీలో ఆవిరి 0.04 గ్రాములు, మొత్తం సుమారు 1.25 గ్రాములు. చలిలో లోపలి పీడనం ఒక బార్ దగ్గరే ఉంటుంది కనుక చూడటానికి అమాయకంగా ఉంటుంది. కూలర్ ఆపేశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి అదే గ్యాసు 110 బార్లకు ఎక్కుతుంది. పలచని గొట్టం పగిలేది అప్పుడే.

దీనికి రెండు దారులు. ఒకటి, గొట్టాన్ని ఆ పీడనానికి తట్టుకునేలా మందంగా చేసి, 1.5 రెట్ల పీడనంతో నీటి పరీక్ష చేసి, తరవాత బాగా ఆరబెట్టడం. రెండోది, బయట గది ఉష్ణోగ్రతలోనే ఉండే 40 సి.సి. తొట్టిని సన్నని గొట్టంతో కలపడం. చలిలోనూ తొట్టిలో 0.045 గ్రాముల గ్యాసు మిగిలిపోతుంది గనుక మొత్తం 1.3 గ్రాములు నింపాలి, వేడెక్కినప్పుడు పీడనం 23 బార్లకు మించదు. స్థలం ఉంటే రెండోదే మేలు. ఏదైనా సరే, పీడనం మించితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ మానకండి.

నింపే ముందు వాక్యూమ్‌లో ఉంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు కాల్చండి. మిగిలిన తేమ, కార్బన్ డయాక్సైడ్ చలిలో గడ్డకట్టి వత్తి రంధ్రాలను మూసేస్తాయి. హీలియంతో లీకు పరీక్ష చేసి ఉంటే దాన్ని పూర్తిగా తోడేయాలి. అది నైట్రోజన్ చలికి ద్రవం కాదు, చల్లని కొసన పేరుకుని ఆవిరిని అక్కడికి చేరనివ్వదు.

ప్రశ్న: కూలర్ కొస 75 కెల్విన్‌కు వచ్చి ఆరు గంటలైంది. డిటెక్టర్ కొస 200 దగ్గరే కూర్చుంది. నింపడంలో తప్పా?

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు. 126 కెల్విన్‌కు పైన నైట్రోజన్ ఎంత నొక్కినా ద్రవం కాదు. అందాకా వేడి గొట్టం గోడ గుండానే పారాలి. పలచని స్టెయిన్‌లెస్ గోడ గుండా పారేది నామమాత్రం. కూలర్ కొస తగినంత చల్లబడి ద్రవం పుట్టాక, అది వత్తి వెంట ముందుకు పాకి వేడి గోడను తాకి ఆవిరవుతుంది. చల్లని సరిహద్దు అలా అంగుళం అంగుళంగా జరుగుతుంది. ఎదురుగా వచ్చే వేడి, వత్తి తెచ్చే ద్రవం సరితూగిన చోట సరిహద్దు ఆగిపోతుంది. మీ గొట్టంలో జరిగింది ఇదేనేమో.

గొట్టం మీద మూడు చోట్ల ఉష్ణోగ్రత సెన్సార్లు అంటించండి. నడిమిది చల్లబడి చివరిది కదలకపోతే సరిహద్దు మధ్యలో ఇరుక్కుంది. డిటెక్టర్ కొసను రెండు సెం.మీ. కిందికి వంచి చూడండి. కదిలితే లోపం వత్తిలో, కదలకపోతే నింపు చాలలేదు లేదా వేడి చొరబాటు ఎక్కువ. డిటెక్టర్ విద్యుత్తును ఆపి, చుట్టూ రేడియేషన్ కవచం కట్టి, వైర్లను దారిలో ఏదైనా చల్లని భాగానికి అంటించి మళ్లీ ప్రయత్నించండి. చాలాసార్లు ఈ చివరి పనే ఫలిస్తుంది.

ప్రశ్న: 4 కెల్విన్ కోసం హీలియం హీట్ పైప్ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు గానీ, పైన చెప్పిన జాలి ద్రవ హీలియంను ఎత్తేది మూడు మి.మీ. మాత్రమే. దూరం తక్కువైతే శుద్ధమైన రాగి పట్టీ చాలు. దాని వాహకత 20 కెల్విన్ చుట్టుపక్కల శిఖరానికి చేరి, ఆ దిగువన తగ్గినా 4 కెల్విన్ దగ్గర కూడా బాగానే ఉంటుంది.

ప్రశ్న: బాగా పనిచేస్తున్న పైప్, కూలర్ 60 కెల్విన్‌కు దిగగానే ఆగిపోయింది.

జవాబు: నైట్రోజన్ 63 కెల్విన్ దగ్గర గడ్డకడుతుంది. కూలర్ కొసన మంచుగా నిలిచిపోతే వెనక్కి వచ్చే ద్రవం ఉండదు, డిటెక్టర్ కొస ఎండిపోతుంది. ఆ కొసకు చిన్న హీటర్ పెట్టి 68–70 దగ్గర నిలపండి. ఇదే గుణాన్ని రెండంచెల కూలర్లలో కావాలనే వాడుకుంటారు: మొదటి అంచె శక్తితో రెండో అంచెను త్వరగా చల్లార్చే నైట్రోజన్ పైప్, 63 దాటగానే గడ్డకట్టి తనంతట తానే తెగిపోతుంది, స్విచ్ ఆపినట్టు.