గోల్డెన్ రూస్టర్ గెలిచిన సినిమాల్లో ముందు ఏది చూడాలి?

గోల్డెన్ రూస్టర్, గోల్డెన్ హార్స్ అనే సినిమా అవార్డులు రెండూ ఒకటేనా, రూస్టర్ గెలిచినవాటిలో ఏ సినిమా చూడొచ్చు అని అడిగారు. నేను 2023, 2024 రెండేళ్లూ ఉద్యోగం మీద చైనాలోని షియామెన్‌లో ఉన్నాను. 2019 నుంచి గోల్డెన్ రూస్టర్ వేడుక జరిగేది ఆ ఊళ్లోనే.

రెండూ వేరు. గోల్డెన్ హార్స్ తైవాన్‌ది. రూస్టర్ చైనాది, 1981లో మొదలైంది. వాళ్ల లెక్కలో అది కోడి సంవత్సరం, పేరు అలా వచ్చింది. (మాది భీమవరం. బంగారు కోడిపుంజు బొమ్మ ఇస్తారనగానే సంక్రాంతి బరులే గుర్తొచ్చాయి.) విజేతల్ని జ్యూరీ ఎంపిక చేస్తుంది. ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే హండ్రెడ్ ఫ్లవర్స్ అవార్డు ఇంకోటి ఉంది, అది 1962 నాటిది.

ఇక ఏం చూడాలి అంటే, నేను మొదట ఉత్తమ చిత్రాల జాబితా పట్టుకుని బోల్తాపడ్డాను. 2022 విజేత 'ది బ్యాటిల్ ఎట్ లేక్ చాంగ్‌జిన్', కొరియా యుద్ధం కథ, దాదాపు మూడు గంటలు. గంటన్నరకే ఫోన్ చేతిలోకి వచ్చేసింది. ఆఫీసులో నా పక్క సీటు చైనీస్ ఆవిడ విని నవ్వింది. "ఉత్తమ నటి ఎవరో చూసి సినిమా ఎంచుకో" అంది.

అలా దొరికింది 'సో లాంగ్, మై సన్'. 2019లో ఉత్తమ చిత్రం 'ది వాండరింగ్ ఎర్త్' అయినా, నటుడు వాంగ్ జింగ్‌చున్, నటి యోంగ్ మెయ్ ఇద్దరూ ఈ సినిమాకే గెలిచారు. అదే ఏడాది బెర్లిన్‌లోనూ ఇద్దరికీ అవార్డులొచ్చాయి. కొడుకును పోగొట్టుకున్న దంపతులు ఊరొదిలి ఫుజియన్ రాష్ట్ర తీరానికి వచ్చేస్తారు. వెనకాల ఒక్క బిడ్డనే కనాలన్న అప్పటి చైనా ప్రభుత్వ విధానం నీడ. కథ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది కాబట్టి మొదటి అరగంట ఎవరు ఎవరో తెలియక తికమకపడ్డాను. షియామెన్ కూడా ఫుజియన్‌లోదే. ఆ సముద్రపు చెమ్మ నాకు తెలిసిందే కాబట్టి ఇంకాస్త పట్టేసింది.

2023లో 'హిడెన్ బ్లేడ్'కు టోనీ లియాంగ్ ఉత్తమ నటుడు. బాగుంటుంది గానీ అదీ చిక్కుముడే.

మీరు మాత్రం 'హాయ్, మామ్'తో మొదలుపెట్టండి. దీనికి 2021లో జాంగ్ షియావోఫె ఉత్తమ నటి. కూతురు 1981లోకి వెళ్లి, పెళ్లికాని అమ్మతో స్నేహం చేస్తుంది. సగం సినిమా నవ్వులే. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ తెలుగులో చెబుతూ చూపించాను. చివరి పావుగంట నాకు గొంతు పెగల్లేదు. "చెప్పక్కర్లేదులేరా, అర్థమవుతోంది" అంది అమ్మ.