తెల్లవారుజామున గాలానికి చేప ఎందుకు తగలదు?

ప్రశ్న: సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి ఆదివారాల్లో తెల్లవారకముందే విజయనగరం పెద్ద చెరువు గట్టున గాలం వేస్తున్నాను. వానపాము, మైదాముద్ద రెండూ మార్చి చూశాను. నీటిపైన చేపల నోళ్లు కనిపిస్తూనే ఉన్నాయి గాని బెండు కదలడం లేదు. వానాకాలంలో ఇదే వేళకు శీలావతి, బంగారుతీగ బాగానే పడ్డాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: లోపం మీరు వెళ్లే వేళలో ఉందని నా అభిప్రాయం. బొచ్చె, శీలావతి, బంగారుతీగ వంటి చేపలు నీరు 25 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు బాగా మేస్తాయి. మాఘమాసపు తెల్లవారుజామున చెరువు నీరు రోజు మొత్తంలోకెల్లా చల్లగా ఉంటుంది. పట్టణపు చెరువులకు మరొక చిక్కు కూడా ఉంది. మురుగు చేరి పచ్చబడిన నీటిలోని నాచు పగలు ఎండలో ప్రాణవాయువును విడుదల చేసినా, రాత్రంతా చేపలతోపాటు తానూ దానిని పీల్చుకుంటుంది కనుక, సూర్యోదయానికి ముందు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు అడుగంటుతుంది. అది లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు హాయి, 3 కంటే తగ్గితే ఇబ్బంది. మీకు కనిపించిన నోళ్లు చాలావరకు ఊపిరి కోసం పైకి వచ్చినవే అయి ఉంటాయి; అటువంటి చేప ముందు ఎంత రుచికరమైన ఎర పెట్టినా ముట్టదు.

అందుచేత ఫాల్గుణం వచ్చేవరకు ఉదయం పది దాటాక వెళ్లి, ఎండ పడే లోతు తక్కువ అంచున కూర్చోండి. పైనీరు ముందుగా వేడెక్కుతుంది, గాలి దానిని ఒక గట్టువైపు తోస్తుంది. ఆ గట్టే మీకు అనువైనది. బంగారుతీగ, ఎర్రమోసు అడుగున మేస్తాయి కాబట్టి ఎర నేలను తాకాలి. నోరు పైకి తిరిగి ఉండే బొచ్చె కోసమైతే బెండును కిందికి జరిపి ఎరను పైనీటిలోనే ఉంచాలి. చల్లని నీటిలో చేపకు అరుగుదల మందగిస్తుంది గనుక, తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దలను వానాకాలంలో మాదిరిగా దోసిళ్లతో చల్లకుండా, గుప్పెడు వేసి ఊరుకోండి. గాలపు ముల్లు, ఎర కూడా చిన్నవిగా ఉండాలి. గాలం వేసేముందు ఆ చెరువు చేపల హక్కు ఎవరికి లీజుకు ఇచ్చారో కనుక్కుని వారి అనుమతి తీసుకోవడం మరువకండి. చేపపిల్లలను కొని వదిలినవారు ఊరుకోరు, ఊరుకోనక్కరలేదు కూడా. మురుగు చేరే చెరువు చేపను మాత్రం నేనైతే వండుకోను, నీటిలోనే వదిలేస్తాను.

ప్రశ్న: శ్రీకాకుళం పట్టణంలో నాగావళి ఇప్పుడు సన్నని పాయలుగా పారుతోంది. గాలానికి ఎక్కడ కూర్చోవాలి?
– మరొక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పారే నీటిలో నాచు బెడద తక్కువ కనుక, పైన చెప్పిన ఊపిరి చిక్కు మీకు అంతగా ఉండదు. నీరు తగ్గినప్పుడు చేపలు మడుగులకు చేరుతాయి. వంతెన స్తంభాల మొదట్లో వరద కోసిన గుంటలు అటువంటివే. ప్రవాహానికి ఎర కొట్టుకుపోకుండా సీసం కొంచెం బరువైనది కట్టండి. ఇసుక తవ్విన గోతులు నీటికింద కనిపించవు కాబట్టి, ఏటిలోకి దిగకుండా గట్టు మీద నుంచే గాలం వేయండి.