అమ్మాయి పెళ్లికి ముందు బొటాక్స్ వేయించుకోవచ్చా?

43 ఏళ్లకే ముఖం వాడిపోయిందని చుట్టాలంతా అంటున్నారు, అమ్మాయి పెళ్లిలోపు బొటాక్స్ వేయించుకోనా అని మీరు అడిగారు. నేను బొటాక్స్ వేయించుకోలేదు. కానీ అవే మాటలు పట్టుకుని, కొడుకు పెళ్లికని ముఖం పాడు చేసుకున్నాను.

మాది కర్నూలు. ఆరేళ్ల కిందట మా పెద్దోడికి సంబంధం కుదిరింది. నాకు రెండు చెంపల మీదా మంగు ఉండేది. "పెళ్లికొడుకు తల్లివి, ఇట్లుంటే ఎట్లా?" అని మా తోటికోడలు ఒక ట్యూబు పేరు చెప్పింది. మెడికల్ షాపులో చీటీ కూడా అడగలేదు. పదిహేను రోజులకే ముఖం నిగనిగలాడింది. కనబడిన ప్రతి ఒక్కరూ "పదేళ్లు తగ్గినావే" అన్నారు. ఆ మాట కోసమే నాలుగు ట్యూబులు పూశాను. మా ఆయన నెరిసిన మీసంతోనే పీటల మీద కూర్చున్నాడు, ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

పెళ్లి వారం ఉందనగా ట్యూబు అయిపోయింది, పనుల్లో పడి మళ్లీ కొనలేదు. చెంపలు ఎర్రగా కందిపోయి, కారం పూసినట్టు మంట. పొయ్యి దగ్గర నిలబడలేను. ముహూర్తం నాడు హోమం సెగ తగలగానే తడి కర్చీఫ్ ముఖానికి అద్దుకుంటూ లేచి పక్కకు పోయాను. మావాడు తల తిప్పి నా కోసం వెతికాడు. ఆ చూపు నేను మరిచిపోలేను.

తర్వాత స్కిన్ డాక్టరమ్మ ట్యూబు మీది అక్షరాలు నాతోనే చదివించింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్. అడ్డూ అదుపూ లేకుండా పూస్తే చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ఒక్కసారిగా ఆపితే నాకైనట్టు ఎర్రబడి మండుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే రూల్ వచ్చింది. నాకు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది.

బొటాక్స్ సంగతీ ఆమెనే అడిగాను. ఆ ఇంజెక్షన్ ముడత పడేచోట కండరాన్ని సడలిస్తుంది, మూడు నాలుగు నెలలకు పనితనం పోతుంది, మళ్లీ వేయించుకోవాలి. మంగుకు, ఎండ నలుపుకు దాంతో పని లేదు. ఫిల్లర్ వేరు, చర్మం కింద నింపే జెల్ లాంటి ఇంజెక్షన్. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే, అరుదుగానే అయినా, చూపు కూడా పోవచ్చు. అందుకే పార్లర్లో మాత్రం వద్దు. స్కిన్ డాక్టరో ప్లాస్టిక్ సర్జనో చేయాలి.

మీకు మీరుగా కావాలనిపిస్తే తప్పని నేననను. చుట్టాల నోటికి భయపడి మాత్రం వద్దు. ఇప్పటికే ఏదైనా ట్యూబు పూస్తుంటే నాలాగా ఒక్కసారిగా ఆపకండి, ఆ ట్యూబు తీసుకుని రేపే డాక్టర్‌కు చూపించండి.