అంచు చూశాకే సీలెంట్

చిట్టితల్లీ,

ఫిల్లింగులున్న పిల్లల పళ్లకి కూడా సీలెంట్లు, అదే పంటి గాళ్లలో పుచ్చు రాకుండా కప్పే పూత, వేయబోతున్నావట, మీ అమ్మ ఫోన్‌లో మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పంటిని గరుకు చేసే ఎచింగ్ జెల్ 15 నుంచి 30 సెకన్లు, కడగడం, సుద్దలా తెల్లబడేదాకా ఆరబెట్టడం, పూత గట్టిపడేలా లైట్ పట్టడం... ఇవి నీకు నేను చెప్పాలా! ఫిల్లింగే గాళ్లన్నీ కప్పేసి ఉంటే సీలెంట్‌తో పనే లేదు.

క్లినిక్ పెట్టిన కొత్తలో తొమ్మిదేళ్ల పిల్లాడొచ్చాడు. కింది దవడ పంటికి సిల్వర్ ఫిల్లింగ్, వెనక గాడి ఖాళీ. ఫిల్లింగ్ అంచున సన్నటి నల్లగీత. సిల్వర్ పక్కన నలుపు మామూలేగా అనుకున్నాను. పళ్లు తడిమి చూసే మొనదేలిన ప్రోబ్ ఆ అంచులో చిక్కుకుంది కూడా. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఎక్స్‌రే తియ్యలేదు. వాడు నాలుకతో దూది తోసేస్తుంటే గబగబా గాడి మీదా ఫిల్లింగ్ మీదా కలిపి పామేశాను. పన్ను అద్దంలా మెరిసింది. "ఇక భయం లేదా డాక్టరు గారూ?" అంది వాళ్లమ్మ. లేదమ్మా అన్నాను.

ఏడాదిన్నరకి బుగ్గ వాచి వచ్చాడు. గాడిలో సీలెంట్ నిక్షేపంగా ఉంది. సిల్వర్ మీది పొర మాత్రం ఊడిపోయింది, పంటి పైపొర ఎనామిల్‌ని పట్టుకున్నట్టు లోహాన్ని అది పట్టుకోదు కదా. తెరుచుకున్న అంచు కిందంతా పుచ్చు. రూట్ కెనాల్ చేస్తున్నంతసేపూ వాడు నా చొక్కా పట్టుకునే ఉన్నాడు.

తిండీ ఉమ్మీ చొరకుండా మూస్తే లోపలి చిన్న పుచ్చు ఆగిపోతుందంటారు, నిజమే. కానీ ఆ మూత నిలవాలి! అంచు తెరుచుకుని ఉంటే ముందు ఫిల్లింగ్ సరిచెయ్యి. పళ్ల మధ్య చూపించే బైట్‌వింగ్ ఎక్స్‌రే తీసి చూడు, రెండు పళ్ల మధ్య పుచ్చుని సీలెంట్ ఆపలేదు. పాత ఫిల్లింగ్ పంటిరంగు కాంపోజిట్ అయితే పైన గరుకు చేసి, పూత అంటుకునేలా బాండ్ వెయ్యి. ఎచింగ్ అయ్యాక ఒక్క చుక్క ఉమ్మి తగిలినా మళ్లీ మొదటికి రా. బద్ధకించావో, నా చేతిలో తిట్లు తింటావు.

చిన్నప్పుడు నా కుర్చీ ఎక్కి, నోటి అద్దంతో నీ ముక్కు చూసుకునేదానివి. నీ చెయ్యి మంచిదే తల్లీ, తొందరే నాది వచ్చింది. ఆర్నెల్లకోసారి పిల్లల్ని రప్పించి ప్రోబ్‌తో అంచులు తడిమి చూడు.

రూట్ కెనాల్‌కి తీసిన ఆ పిల్లాడి ఎక్స్‌రే నా డ్రాయర్‌లోనే ఉంది. ఈసారి వచ్చినప్పుడు అడుగు, చూపిస్తాను.

పెద్దనాన్న