సంగటా, పొంగలా, దోశా? ముందు ఆదివారం టిఫిన్ టైమ్ చూడండి

ప్రశ్న: మాది తిరుపతి. మావారికి 52 ఏళ్లు. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఒకటి, రాత్రి మెట్‌ఫార్మిన్ ఒకటి వేసుకుంటారు. ఈ మధ్య పరీక్ష చేయిస్తే పరగడుపున 132, టిఫిన్ తిన్న రెండు గంటలకు 238, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.9 వచ్చాయి. అప్పటి నుంచి ఇంట్లో రోజూ టిఫిన్ మీదే వాదన. మా అత్తగారిది పలమనేరు వైపు పల్లె. పొద్దున్నే రాగి సంగటి తింటే షుగర్ దగ్గరికే రాదంటారు. నేను ఇడ్లీ, పొంగలి చేస్తాను. మా అబ్బాయి ఓట్స్ తెచ్చిపెట్టాడు. ఆయనకేమో ఎర్రకారం దోశ ఉంటే చాలు. ఆదివారం మాత్రం అందరం ఆలస్యంగా లేచి, పదకొండింటికి హోటల్‌కు వెళ్లి టిఫిన్, భోజనం ఒక్కటిగా కానిచ్చేస్తాం. ఒక్కోసారి హోటల్‌కు చేరేలోపే ఆయనకు చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, ఊరికే విసుక్కుంటారు. ఆకలి వల్ల అనుకుంటున్నాం. ఏ టిఫిన్ మంచిదో మీరే తేల్చండి.
— ఒక పాఠకురాలు, తిరుపతి

డాక్టర్ సలహా: అమ్మా, టిఫిన్ల సంగతి తప్పకుండా చెబుతాను. అంతకంటే ముందు, మీరు మామూలుగా రాసేసిన ఆ చెమటలు, వణుకు గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది 238 కాదు, అదే.

ఆదివారం మాత్ర ఎన్నింటికి వేసుకుంటారో మీరు రాయలేదు. రోజూలాగే ఎనిమిదింటికి వేసుకుని, పదకొండు దాకా ఏమీ తినకపోతే ఆ వణుకు ఉట్టి ఆకలి కాకపోవచ్చు. గ్లిమెపిరైడ్ పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో తిండి ఉందా లేదా అన్నది అది చూడదు. తిండి పడకపోతే షుగర్ 70 కంటే కిందికి దిగిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ, చిరాకు, మాట తడబడటం, ఇవన్నీ దాని గుర్తులే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఇది చాలా అరుదు. ఆయన మాత్రలో రెండూ ఉన్నాయి.

ఈసారి అలా అనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. మీటర్ చేతిలో లేకపోతే పరీక్ష కోసం ఆగొద్దు. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. కుదుటపడ్డాక రెండు ఇడ్లీలో, పాలు, బ్రెడ్డో పెట్టండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఆ మాత్రను గడియారం చూసి కాదు, ప్లేటు చూసి వేసుకోవాలి. మొదటి తిండికి కాస్త ముందు, లేదా తింటూ. ఆదివారం పదకొండింటికే తినాలనుకుంటే మాత్ర కూడా అప్పుడే. లేదంటే ఎనిమిదిన్నరకే ఇంట్లో చిన్న టిఫిన్ పెట్టేయండి, హోటల్‌లో రెండోసారి తక్కువగా తింటారు. నాకైతే ఈ రెండోదే నచ్చుతుంది. మూడు గంటలు కడుపు మాడ్చుకుని హోటల్‌లో కూర్చున్నవాడు ఒక్క దోశతో లేవడు. ఈ వణుకు సంగతి మాత్రం మీ డాక్టర్‌కు ఈ వారమే చెప్పండి. డోసు మార్చాలా, మాత్రే మార్చాలా అన్నది ఆయనే చూడాలి. మీ అంతట మీరు ఆపేయకండి.

కొండకు నడిచి వెళ్లే అలవాటు ఉంటే ఇదే జాగ్రత్త ఇంకా గట్టిగా పాటించాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. తెల్లవారుజామున మాత్ర వేసుకుని, స్వామి దర్శనం అయ్యేదాకా ఏమీ ముట్టనని మొక్కుకుని బయల్దేరేవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. గాలిగోపురం చేరేసరికి కళ్లు తిరిగి కూలబడతారు. భక్తిని నేను కాదనను. కానీ ఆ మాత్ర వేసుకున్న రోజు ఉపవాసం కుదరదు. నడక రోజు మాత్ర ఎలా వేసుకోవాలో ముందే అడిగి తెలుసుకోండి, జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంచండి. చెప్పుల్లేకుండా ఎక్కితే, తిరిగొచ్చాక అరికాళ్లు మీరే ఒకసారి వెలుతురులో చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు.

ఇక టిఫిన్ల దగ్గరికి వద్దాం. 238 అంటే ఎక్కువే. తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండేలా చూసుకోవాలి. షుగర్ ఉన్న చాలామందిలో రోజు మొత్తంలో టిఫిన్ తర్వాతే అది బాగా ఎగబాకుతుంది. తెల్లవారుజామున కార్టిజాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, లివర్ గ్లూకోజ్ వదులుతుంది, ఇన్సులిన్ మాట ఒంటికి సరిగా ఎక్కదు. దానిమీద మనం పిండి పదార్థం పోస్తాం. కాబట్టి మీ ఇంట్లో వాదన అనవసరమైనది కాదు, పొద్దుటి ప్లేటు నిజంగానే ముఖ్యం.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. రాగుల్లో పీచు ఎక్కువ, కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే. బియ్యం అందులో దరిదాపుల్లో ఉండదు. కానీ సంగటి ఎలా చేస్తారో ఆవిడకు నాకంటే బాగా తెలుసు. ముందు బియ్యమో నూకలో మెత్తగా ఉడికించి, దాని మీద రాగి పిండి పోసి, కట్టెతో గెలికి ముద్ద కడతాం. అంటే అందులో అన్నం ఉన్నట్టే. పైగా రాగుల్లో కూడా దాదాపు మూడింట రెండు వంతులు పిండి పదార్థమే. ఆ మధ్య మా ఓపీకి వచ్చిన ఒక రైతు, అన్నం మానేసి రెండు పూటలా సంగటే తింటున్నా షుగర్ దిగట్లేదని బాధపడ్డాడు. ముద్ద ఎంత ఉంటుందని అడిగితే రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి చూపించాడు. ఆ ముద్ద తిని చెనిక్కాయ చేలో మధ్యాహ్నం దాకా కలుపు తీసే రోజుల్లో అది అరిగిపోయేది. మీవారు దాన్ని తిని కుర్చీలో కూర్చుంటారు. నిమ్మకాయంత కాదు గానీ, ఒక చిన్న కమలాపండంత ముద్ద చాలు. నూకలు తగ్గించండి. పక్కన ఆకుకూర పప్పు బాగా వేయండి, ఊరిబిండి కొంచెం. రాగి జావ మాత్రం పలచగా తాగితే త్వరగా అరిగి షుగర్ తొందరగా పెరుగుతుంది. జావ కంటే సంగటి, సంగటి కంటే చెనిక్కాయలు, ఉల్లిపాయలు వేసి కాల్చిన రాగి రొట్టె మేలు.

ఇడ్లీకి మంచి పేరుంది. నూనె ఉండదు, తేలిగ్గా అరుగుతుంది, జ్వరం వచ్చినవాడికి దాన్ని మించింది లేదు. ఆ తేలిగ్గా అరగడమే షుగర్ ఉన్నవాళ్లకు చిక్కు. ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం వేస్తాం కదా, తినేది ఎక్కువగా బియ్యమే. రెండు ఇడ్లీలు, గిన్నె నిండా కందిపప్పు, ములక్కాయ, సొరకాయ ముక్కలున్న చిక్కటి సాంబారు అయితే నాకు అభ్యంతరం లేదు. ఐదు ఇడ్లీలు, పలచటి చట్నీ అయితే 238 ఎక్కడి నుంచి వచ్చిందో వెతకక్కర్లేదు.

పొంగలి విషయంలో మీ చేతిలోనే మందు ఉంది. మామూలుగా బియ్యంలో పెసరపప్పు పావు వంతు వేస్తారు. మీరు బియ్యం, పప్పు సమానంగా వేయండి, నెయ్యి ఒక స్పూన్, మిరియాలు, జీలకర్ర ధారాళంగా. రుచి తగ్గదు, నేను ఇంట్లో అలాగే తింటాను. మా ఇంటికి వచ్చినవాళ్లు ఎవరూ తేడా కనిపెట్టలేదు.

మీ అబ్బాయి తెచ్చిన ఓట్స్ ఏ రకమో చూడండి. మసాలా కలిపిన రెండు నిమిషాల ప్యాకెట్ అయితే ఉప్పు ఎక్కువ, త్వరగా అరిగిపోతుంది. మామూలు ఓట్స్‌తో కూరగాయలు, చెనిక్కాయలు వేసి ఉప్మా చేస్తే మంచిదే. అంతే తప్ప దానికి ప్రత్యేకమైన మహిమ లేదు. కార్న్‌ఫ్లేక్స్ వద్దు.

ఎర్రకారం దోశ. ఆయన ఇష్టాన్ని నేను తీసేయను. రాయలసీమలో పుట్టినవాణ్ణి దోశ మానెయ్యమంటే మూడో రోజుకు మందులు కూడా మానేస్తాడు. పిండి ఇడ్లీదే, దానికి నూనె, కారంలో ఉప్పు తోడవుతాయి. ఉప్పు రోజంతా కలిపి ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు. వారానికి ఒకసారి, ఒకటే దోశ, ఆలుగడ్డ కూర లేకుండా, పైన పప్పుల పొడి చల్లించుకుని తినమనండి. మిగతా రోజుల్లో పొట్టుతో నానబెట్టిన పెసలతో పెసరట్టు వేసిపెట్టండి, దాంట్లో ఉప్మా పెట్టకుండా. నా లెక్కలో మన టిఫిన్లలో షుగర్ ఉన్నవాళ్లకు దాన్ని మించింది లేదు. పెసల్లో ప్రొటీన్ వంద గ్రాములకు 24 గ్రాముల దాకా ఉంటుంది. కోస్తావాళ్ల అట్టు అని మీ అత్తగారు పక్కన పెట్టకపోతే మీ ఇంట్లో వాదన సగం తీరినట్టే.

ఏది వండినా, ముందు గుప్పెడు అలసంద గుగ్గిళ్లో, కీరా ముక్కలో, గుడ్డు తినే ఇల్లయితే ఒక ఉడికించిన గుడ్డో తినిపించి, ఆ తర్వాత టిఫిన్ పెట్టండి. పీచు, ప్రొటీన్ ముందు పడితే తర్వాత వచ్చే పిండి పదార్థం మెల్లగా అరుగుతుంది. తిన్న తర్వాత ఒక పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడవమనండి. మీరు కాఫీ గురించి రాయలేదు. పొద్దున రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ, ఒక్కో గ్లాసుకు రెండు స్పూన్ల పంచదార ఉంటే, ఇడ్లీని తిట్టే ముందు దాన్ని ఆపండి.

ఎవరి టిఫిన్ గెలిచిందో నా మాట మీద వదిలేయకండి, మీటర్‌కే వదిలేయండి. ఒక రోజు సంగటి, రెండు రోజులు ఆగి పొంగలి, మరో రోజు ఇడ్లీ, ఇంకో రోజు పెసరట్టు. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు ఒకసారి చూసి, ఎంత తిన్నారో కూడా క్యాలెండర్ మీద రాయండి. రెండింటి మధ్య తేడా 50 లోపు ఉన్న టిఫిన్ ఆయన ఒంటికి నప్పినట్టు. ఒకే ఇడ్లీ ఇద్దరు మనుషుల్లో ఒకేలా పనిచేయదు, అందుకే పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు. రెండు వారాల తర్వాత ఆ క్యాలెండర్ కాగితం, ఆదివారం వణుకు వచ్చినప్పుడు చూసిన రీడింగు ఉంటే అదీ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.